ఈనిన గొడ్డుకి పొదుగు ఒక్కటే కాదు, కార్జం కూడా మారుతుంది

పాడి ఉన్న ఏ ఊరికి వెళ్లినా నాకు వినిపించే మాట ఒకటుంది. “వట్టిపోయిన గొడ్డుకి దాణా ఎందుకండీ, పాలిస్తుందా పాడా?” పాలు ఇచ్చినన్నాళ్లు తవుడు, చెక్క, పచ్చిగడ్డి అన్నీ పెడతారు. వట్టిపోగానే వరిగడ్డి మోపు ముందు పడేసి వదిలేస్తారు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. చూడిది కదా, బలం కావాలని చివరి రెండు నెలలు బాగా మేపి, వీపు బల్లలా అయ్యేదాకా పెడతారు. రెండు పద్ధతులకీ దెబ్బ ఒకే చోట తగులుతుంది. అది పొదుగులో కాదు, కార్జంలో.

ఈ వ్యాసంతో పాటు పెట్టిన వీడియోలో గొడ్డు ఒంటి కండ ఎలా చూడాలో చేత్తో పట్టి చూపించాను. అలా ఎందుకు చూడాలన్నది వీడియోలో పూర్తిగా చెప్పడానికి టైం చాలలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే, కానీ ఓపిగ్గా చదవండి. కార్జం చూడి కాలంలో ఒకలా, పాల కాలంలో ఇంకోలా, పాలు మానేశాక మరోలా ఉంటుంది. ఇది అర్థమైతే మేత లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు, మీరే వేసుకుంటారు.

గడ్డి తినే గొడ్డుకి చక్కెర ఎక్కడిది?

మనం అన్నం తింటే అందులోని పిండి పేగుల్లో గ్లూకోజుగా మారి రక్తంలోకి వెళ్తుంది. ఆవు, గేదె, గొర్రె, మేకల్లో అలా జరగదు. తిన్నదంతా ముందు పెద్ద పొట్టలోకి వెళ్తుంది. అక్కడ కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. గడ్డిలోని పీచు, గింజలోని పిండి, ఆఖరికి మనం పెట్టే బెల్లం కూడా అక్కడే ఆమ్లాలుగా మారిపోతాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు: అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్. గ్లూకోజు రూపంలో పేగుల నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

మరి గొడ్డుకి కావాల్సిన గ్లూకోజు ఎవరిస్తారు? కార్జమే. పొట్ట గోడల నుంచి రక్తంలోకి వచ్చిన ప్రొపియొనేట్‌ని పట్టుకుని గ్లూకోజుగా మారుస్తుంది. అది చాలకపోతే మాంసకృత్తుల ముక్కల నుంచి, కొవ్వు కరిగితే వచ్చే గ్లిసరాల్ నుంచి తయారు చేస్తుంది. మనిషి కార్జం ఈ పని ఎక్కువగా ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు చేస్తుంది. నెమరు వేసే జీవాల్లో కడుపు నిండా తిన్నా, రోజుకి ఇరవై నాలుగు గంటలూ ఈ పని నడుస్తూనే ఉంటుంది.

చూడి కాలం: దూడ వాటా ముందు

ఆవు చూడి కాలం సుమారు 280 రోజులు, గేదెది సుమారు 310 రోజులు. మొదటి ఆరు నెలలు దూడ బరువు పెద్దగా పెరగదు. పుట్టేనాటి బరువులో సగం కంటే చాలా ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే వస్తుంది. కడుపులో దూడకి ముఖ్యమైన ఇంధనం గ్లూకోజు, దాంతో పాటు మాంసకృత్తుల ముక్కలు. మాయ ద్వారా అవి తల్లి రక్తం నుంచే వెళ్లాలి. అంటే మళ్లీ తల్లి కార్జం తయారు చేయాల్సిందే.

ఇదే సమయంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఈనడానికి చివరి వారాల్లో, ముఖ్యంగా ఆఖరి వారంలో, గొడ్డు మేత తగ్గిస్తుంది. అవసరం పెరిగేది, మేత తగ్గేది ఒక్కసారే. ఈ తేడాని పూడ్చడానికి ఒంట్లోని కొవ్వు కరగడం ఈనకముందే మొదలవుతుంది. కాబట్టి కార్జం కథ ఈనిన రోజు మొదలు కాదు, అంతకు మూడు వారాల ముందే మొదలైపోతుంది.

పాల కాలం: పదిహేను గ్రాములతో నడిచే కొట్టు

ఇక్కడ ఒక లెక్క చూడండి. పాలల్లో తీపి లాక్టోజుది. ఆవు పాలల్లో అది సుమారు ఐదు శాతం, అంటే లీటరుకి 50 గ్రాముల దగ్గర. ఆ లాక్టోజు చేయడానికి పొదుగుకి గ్లూకోజే కావాలి. పాల తయారీలో మిగతా ఖర్చులు కూడా కలిపితే లీటరు పాలకి సుమారు 70 గ్రాముల గ్లూకోజు అని పశు పోషణ శాస్త్రం లెక్క. రోజుకి పది లీటర్లు ఇచ్చే ఆవుకి 700 గ్రాములు. ఇది పొదుగు ఒక్కదానికే. మెదడు, కండరాల వాటా వేరే.

మరి రక్తంలో ఎప్పుడైనా నిల్వ ఎంత ఉంటుంది? నాలుగొందల కిలోల ఆవులో సుమారు 30 లీటర్ల రక్తం. వంద మిల్లీలీటర్లకి 50 మిల్లీగ్రాముల చొప్పున లెక్కేస్తే మొత్తం 15 గ్రాములు. కొట్లో పదిహేను గ్రాముల సరుకు పెట్టుకుని రోజుకి ఏడొందల గ్రాములు అమ్మాలన్న మాట! వెనక తయారీ ఒక్క గంట ఆగినా కొట్టు ఖాళీ అయిపోతుంది. ఈ తయారీ చేసేది కార్జం.

అందుకే ఈనిన వెంటనే కార్జం మారిపోతుంది. పాడి ఆవుల మీద చేసిన కొలతల్లో, ఈనక ముందుతో పోలిస్తే ఈనిన రెండు వారాల్లోపే కార్జం విడుదల చేసే గ్లూకోజు దాదాపు రెండింతలయింది. దానిలోంచి పారే రక్తం పెరుగుతుంది, అది వాడుకునే ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. మేత పెరిగే కొద్దీ పేగులు, కార్జం బరువు కూడా పెరుగుతాయి. పొదుగు ఉబ్బడం మన కళ్లకి కనిపిస్తుంది. లోపల కార్జం పడే పాట్లు కనిపించవు, అంతే తేడా.

మిల్లు, గోడౌను, లారీలు

ఈనిన తర్వాత పాలు అయిదు నుంచి ఎనిమిది వారాల్లో పతాక స్థాయికి వెళ్తాయి. మేత మాత్రం అంత త్వరగా పెరగదు, దాని పతాకం ఇంకా కొన్ని వారాలు ఆలస్యం. ఈ మధ్యలో గొడ్డు తినే దానికంటే ఇచ్చేది ఎక్కువ. లోటు ఒంటి కొవ్వు నుంచి రావాలి.

కరిగిన కొవ్వు రక్తంలో కలిసి కార్జానికి చేరుతుంది. అక్కడ దానికి మూడు దారులు. ఒకటి, పూర్తిగా కాలి శక్తి అవడం. రెండోది, సగం కాలి కీటోన్లు అవడం. మూడోది, మళ్లీ కొవ్వుగా కట్టి రక్తంలోకి పంపడం. ఈ మూడో దారి నెమరు వేసే జీవాల్లో చాలా ఇరుకు. కోతల సీజన్‌లో రైస్ మిల్లు గుర్తు తెచ్చుకోండి. ధాన్యం ట్రాక్టర్లు వస్తూనే ఉంటాయి, బియ్యం తీసుకెళ్లే లారీలు మాత్రం రావు. గోడౌను నిండిపోతుంది, తర్వాత వరండా, తర్వాత మిషన్ పక్కన కూడా బస్తాలే. ఆఖరికి మిల్లు ఆడించడానికే చోటుండదు. దీన్నే కొవ్వు కార్జం అంటారు. అలాంటి కార్జం గ్లూకోజు సరిగా తయారు చేయలేదు. గ్లూకోజు తగ్గితే కొవ్వు ఇంకా కరుగుతుంది. చక్రం తిరగబడుతుంది.

ఇప్పుడు బలిసిన గొడ్డు విషయానికి రండి. ఒంటి మీద కొవ్వు ఎంత ఎక్కువ ఉంటే, ఈనాక అంత ఎక్కువ ట్రాక్టర్లు ఒకేసారి వస్తాయి. పైగా బలిసిన గొడ్లు ఈనే ముందు మేత ఇంకా ఎక్కువ తగ్గిస్తాయి. మా దగ్గర ఒక రైతు ఆవు, మంచి సంకరజాతిది, నున్నగా ముచ్చటగా ఉండేది. ఈనిన పది రోజులకి దాణా ముట్టడం మానేసింది. వరిగడ్డి మాత్రం కొరుకుతుంది. పాలు సగానికి పడ్డాయి, నోటి దగ్గర ఒక రకం తియ్యటి వాసన. డాక్టర్ గారు మూత్రంలో రోథెరా పరీక్ష చేస్తే ఊదా రంగు వచ్చింది. అది కీటోసిస్. దాణా వద్దని గడ్డి మాత్రం తినడం దీనికి పెద్ద గుర్తు. అజీర్తి అనుకుని వాము, అల్లం పట్టిస్తూ వారం గడిపేస్తే నష్టం చాలా పెరిగిపోతుంది.

ఇంకొక మాట. ఇలాంటప్పుడు బెల్లం ఎక్కువ పెడితే నయమవుతుందని చాలామంది నమ్మకం. బెల్లం నోటికి రుచి, దాణా తినిపించడానికి పనికొస్తుంది, అంతవరకు మంచిదే. కానీ అది పొట్టలో పులిసిపోతుంది కాబట్టి గ్లూకోజుగా రక్తంలోకి రాదు. పైగా చక్కెరలు పులిస్తే బ్యుటిరేట్ ఎక్కువ వస్తుంది, అది కీటోన్ల వైపే పోతుంది. డాక్టర్లు నోటి ద్వారా పట్టించే ప్రొపైలీన్ గ్లైకాల్ అయితే కార్జంలో గ్లూకోజుగా మారుతుంది. ప్రకృతి సేద్యం చేసే మనం మందు పేరు వినగానే ముఖం తిప్పుకోకూడదు. జబ్బు వచ్చాక వైద్యమే. మన పద్ధతి బలమంతా జబ్బు రాకుండా చూసుకోవడంలో ఉంది.

ఎదకి రాకపోవడానికీ కార్జానికీ సంబంధం

“ఈని నాలుగు నెలలైంది, ఎదకి రావట్లేదు.” ఇది ప్రతి ఊర్లో వినేదే. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, ఒకటి మాత్రం కార్జం దగ్గరుంది. మామూలు రోజుల్లో కార్జం ఐజీఎఫ్-1 అనే హార్మోన్‌ని రక్తంలోకి వదులుతుంది. అండాశయంలో గుడ్డు ఎదగడానికి అది సాయం చేస్తుంది. ఈనిన తర్వాత శక్తి లోటు ఉన్నన్నాళ్లు కార్జం దాన్ని బాగా తగ్గించేస్తుంది. ప్రకృతి దృష్టిలో ఇది సబబే. ముందున్న దూడకి పాలు చాలనప్పుడు ఇంకో చూడి ఎందుకు? లోటు తీరాక ఐజీఎఫ్-1 మళ్లీ పెరుగుతుంది. కాబట్టి ఈనిన మొదటి నెలలో గొడ్డు ఎంత చిక్కిందన్నది మూడో నెలలో ఎద మీద కనిపిస్తుంది. ఒక్క నెల చూడి ఆలస్యమైతే వచ్చే ఈతా ఒక నెల వెనక్కి పోయినట్టే.

గొర్రెల్లో ఈనకముందే ప్రమాదం

గొర్రెలున్న వాళ్లు ఇది గమనించాలి. ఆవుల్లో కీటోసిస్ ఎక్కువగా ఈనాక వస్తే, గొర్రెల్లో ఈనకముందు చివరి నెలలో వస్తుంది. చూడి మొత్తం అయిదు నెలలే, అందులో చివరి ఆరు వారాల్లో పిల్ల ఎదుగుదల ఎక్కువ. కవలలుంటే గ్లూకోజు గిరాకీ ఇంకా ఎక్కువ, పొట్టకి లోపల చోటు తక్కువ, మేత అందదు. గొర్రె మంద వెనక పడిపోతుంది, కళ్లు కనిపించనట్టు తిరుగుతుంది, పళ్లు నూరుతుంది, తర్వాత లేవలేదు. ఆ దశకి వచ్చాక బతికించడం కష్టం. ఎండాకాలం మేత లేని రోజుల్లో చూడి గొర్రెలకి చివరి నెలన్నర కొంచెం జొన్నలో, మొక్కజొన్నలో రోజూ పెట్టగలిగితే అదే మందు.

పాలు మాన్పించాక కార్జం చిన్నదవుతుంది

ఇది నాకు చదివినప్పుడు బాగా ఆశ్చర్యమనిపించిన భాగం. పాలు మానేశాక పొదుగు ముడుచుకుపోవడం అందరికీ తెలుసు. కార్జం కూడా అలాగే తగ్గుతుందని 2017లో అమెరికాలోని ఆరిగాన్ పరిశోధకులు ఎలుక జాతి జీవాల్లో చూపించారు. చూడి, పాల కాలాల్లో వాటి కార్జం దాదాపు రెండింతలు పెరుగుతుంది. కణాల సంఖ్యా పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది. పిల్లలు పాలు మానగానే ఎక్కువైన కణాలు ఒక పద్ధతి ప్రకారం చనిపోతాయి, శుభ్రం చేసే రోగనిరోధక కణాలు వస్తాయి, కార్జం పాత సైజుకి చేరుతుంది. పెళ్లి పందిరి వేసినట్టు పెంచి, పని అయ్యాక విప్పేసినట్టు.

2021లో అదే బృందం గర్భిణుల్ని ఎంఆర్ఐ స్కాన్‌తో కొలిచింది. ఆడవాళ్లలోనూ గర్భంతో కార్జం పెరిగి, కాన్పు తర్వాత తగ్గుతుందని తేలింది. వాళ్లు ఇదంతా చూడటానికి కారణం రొమ్ము క్యాన్సర్. కార్జం ఇలా తగ్గే సమయంలో అక్కడికి క్యాన్సర్ కణాలు చేరి పెరగడానికి వీలు ఎక్కువవుతుందని ఎలుక జాతి జీవాల్లో గమనించారు. దీన్ని చదివి ఎవరూ పాలివ్వడానికి భయపడొద్దు. బిడ్డకి పాలివ్వడం తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గిస్తుందన్నది వేరేగా, గట్టిగా నిరూపితమైన విషయం. బాలింతకి నెలల తరబడి పథ్యం పేరుతో కడుపు మాడ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. లోపల ఇంత పని జరుగుతున్న ఒంటికి కావాల్సింది మంచి తిండి అని ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి.

పాడి గొడ్డులో పాలు మాన్పించడం అంటే వట్టి కాలమే. మేత తగ్గితే పేగులు, కార్జం బరువు తగ్గుతాయి. కానీ ఎలుకకీ మన ఆవుకీ ఒక తేడా ఉంది. ఆవు వట్టిపోయేసరికి ఏడు నెలల చూడి. కార్జానికి పూర్తి సెలవు లేదు, రెండు నెలల చిన్న విరామమే. ఆ విరామంలో వరిగడ్డి ఒక్కటే పెడితే ఏమవుతుంది? ప్రొపియొనేట్ రాదు, దూడ వాటా తప్పదు, గొడ్డు తన ఒంటిని తినడం వట్టి కాలంలోనే మొదలుపెడుతుంది. గోడౌను ఈనకముందే నిండుతుంది.

దూడ కార్జం కూడా పని మార్చుకుంటుంది

పాలు మానడం తల్లి వైపు నుంచే చూస్తాం. దూడ వైపు కూడా చూడండి. పాలు తాగే దూడకి పెద్ద పొట్ట ఇంకా పని చేయదు. పాలు నేరుగా నాలుగో పొట్టలోకి వెళ్తాయి, లాక్టోజు పేగుల్లో అరిగి గ్లూకోజు రక్తంలోకి వస్తుంది. అంటే దూడ అప్పటికి మనలాంటిదే. పాలు మానాక దాని కార్జం ప్రొపియొనేట్ నుంచి గ్లూకోజు చేసుకోవడం మీదే బతకాలి. ప్రొపియొనేట్ రావాలంటే పొట్టలో సూక్ష్మజీవులు కుదురుకోవాలి, అవి కుదురుకోవాలంటే దూడ గింజ దాణా తినడం అలవాటు పడాలి. అందుకే వయసు చూసి కాదు, తిండి చూసి పాలు మాన్పించాలి. సంకరజాతి దూడ వరసగా మూడు రోజులు రోజుకి కిలో దగ్గర దూడ దాణా తింటుంటే అప్పుడు తయారైనట్టు. ఒక్కసారిగా ఆపకుండా వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ రండి.

మరి ఏం చేయాలి?

ఒకటి. ఒంటి కండ సరిచేయడం పాల కాలం చివర్లోనే చేయండి. చిక్కిన గొడ్డుకి అప్పుడే దాణా పెంచండి, బలిసినదానికి అప్పుడే తగ్గించండి. వట్టి కాలంలో బలిపించొద్దు, చిక్కనివ్వొద్దు. ఒకటి నుంచి ఐదు మార్కుల లెక్కలో ఈనేనాటికి మూడు, మూడున్నర మధ్య ఉండాలి. అంటే పక్కటెముకలు చేత్తో నొక్కితే తెలియాలి, దూరం నుంచి లెక్కపెట్టేలా ఉండకూడదు.

రెండు. ఈనడానికి 60 రోజుల ముందు పాలు ఆపండి. ఈనేదాకా పిండుకోవద్దు.

మూడు. చివరి 21 రోజులు దాణా కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. పొలానికి జీవామృతం ఎందుకు వేస్తాం? నేలలో సూక్ష్మజీవుల్ని పెంచడానికి. ఇది పొట్టకి అలాంటి పనే. పిండిని ప్రొపియొనేట్‌గా మార్చే జీవులు పెరగాలి, వాటి ఆమ్లాల్ని పీల్చుకునే పొట్ట గోడ సిద్ధం కావాలి. ఈనిన రోజు ఒక్కసారిగా అయిదు కిలోల దాణా పెడితే పొట్ట పులిసి గొడ్డు పడిపోతుంది. రోజుకి సగటున రెండు కిలోలు అనుకున్నా 21 రోజులకి 42 కిలోలు. మీ ఊరి ధరకి లెక్కేసుకోండి. తర్వాత రోజుకి ఒక్క లీటరు పాలు తగ్గితే నెలకి ఎంత పోతుందో కూడా పక్కనే రాసుకోండి.

నాలుగు. ఈనాక మేత ఎప్పుడూ ముందు ఉండాలి. పచ్చిగడ్డి, మంచి చొప్ప, చల్లటి నీళ్లు. మేత ఎంత తింటే అంత తక్కువ కొవ్వు కరుగుతుంది.

ఐదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న చవకగా వచ్చిందని తేవద్దు. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ నేరుగా కార్జం మీద కొడుతుంది. పాలల్లోకి కూడా వస్తుంది, మన పిల్లలు తాగేవి అవే.

ఆరు. చెరువుల పక్కన, కాలువ గట్ల మీద, వరి మళ్లలో మేపేవాళ్లకి కార్జపు జలగ ముప్పు ఉంది. నత్తల ద్వారా వస్తుంది. దవడ కింద నీరు దిగడం, తెల్లబడ్డ కనురెప్పలు, తగ్గని పారుడు కనిపిస్తే పేడ పరీక్ష చేయించండి. చూడి గొడ్డుకి నట్టల మందు డాక్టర్‌ని అడక్కుండా వేయొద్దు. కొన్ని మందులు చూడి మొదటి నెలల్లో దూడకి హాని చేస్తాయి.

వీడియోలో మూడు గొడ్లు చూపించాను: ఒకటి చిక్కింది, ఒకటి సరిగ్గా ఉంది, ఒకటి బలిసింది. అది చూసి రేపు పొద్దున మీ పాకలో చూడిదాని తోక మొదట్లో, పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూడండి. ఈనే తేదీ లెక్కేసి, దానికి 60 రోజుల ముందు తేదీ, 21 రోజుల ముందు తేదీ పాక గోడ మీద సుద్దతో రాసి పెట్టుకోండి. ఇంట్లో ఎవరు మేత వేసినా కనిపించాలి. ఉంటానండి.